నిప్పుకోడి మూలుగు

1954 ఆగస్టు 9, సోమవారం

శాలిబండ మూల మీది ఇరానీ హోటల్ వాడు సాసర్లు మార్చాడు. పాతవి లోతుగా ఉండేవి. చాయ్ పోస్తే ఒడ్డు దాటకుండా బుద్ధిగా కూర్చునేది. కొత్తవి రొట్టె పెనాల్లాగా చదును. ఇవాళ పోసిన చాయ్‌లో సగం నా ధోతీ తాగింది. "యే సాసర్ హై కీ థాలీ?" అని అడిగాను. గల్లా ముందు కూర్చున్న పెద్దమనిషి నవ్వి, "కప్ సే పీయో చాచా, జమానా బదల్ గయా" అన్నాడు. కాలం మారిందట. కప్పుతో తాగితే మూతి కాలుతుంది. జమానాకు మూతి లేదు, దానికేం తెలుసు.

రాద్దామని కూర్చున్నది ఇది కాదు.

శనివారం మల్లన్న ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. వాడు పోయి నెల. దబీర్‌పురా స్టేషన్ దగ్గర నేను రైలు గేటు వేసేవాణ్ణి, వాడు జెండా చూపేవాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే ముందు పోయాడు. ఎప్పుడూ వరస తప్పే రకమే.

సోమశేఖర్ అయ్యగారు వాక్యం చదివారు. మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు. కోస్తా మనిషి, చిన్న వయసు, హెబ్రీ చదువుకున్నాడు. చావు జరిగిన ఇళ్లలో చదవడానికి ప్రవక్తల ఏడుపు మాటలన్నీ ఏరి, మాలాంటి వాళ్లకు తెలిసేటట్టు తెలుగులో తిరగరాస్తున్నాడు. ఆ రోజు మీకా ప్రవక్త మాట చదివాడు. తన జనం కోసం ఆ ప్రవక్త నక్కలాగా ఊళ పెడతాడట, నిప్పుకోడిలాగా మూలుగుతాడట.

అక్కడ మల్లన్న పెండ్లాం లీలమ్మ నవ్వింది.

చిన్న నవ్వు కాదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఇంటినిండా జనం. ఒక్కరు కూడా కదల్లేదు. అయ్యగారు చదవడం ఆపి కాగితం మడిచేశాడు.

నేనేమీ చేయలేదు. గొంతు సవరించుకున్నాను, అంతే.

ఆగస్టు 10

నా బాప్తిస్మం పేరు దానియేలు. ఎవరూ పిలవరు, అందరికీ దుర్గయ్యనే. కానీ మల్లన్న అక్క చంద్రమ్మ నోరు తెరిచినప్పుడు, సింహాల గుహలో పడ్డవాని పేరు నాకెందుకు పెట్టారో తెలుస్తుంది.

పొద్దున్నే వచ్చింది. అరుగు మీద కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మొగడు పోయి నెల గాలే, దానికి ఇకిలింపులా? మా తమ్ముడు మట్టిల పండుకున్నడు దుర్గయ్యా. ఇది పండ్లు బయటేసి నవ్వుతది!"

"దుఃఖం ఎక్కువైతే గూడ గట్లయితది వదినె," అంది మా ఇంటామె ఆగమ్మ.

"నాకు గాలేదేం మరి? నేను తోడబుట్టినదాన్ని. నాకు దుఃఖం తక్కువనా?"

ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది గానీ, ఆగమ్మ కన్ను నా మీద ఉంది.

చంద్రమ్మ అక్కడితో ఆగలేదు. సంఘ పెద్ద బాలకిషన్ దగ్గరికి పోయింది. ఆయన తీర్పు చెప్పేశాడు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పంచేముందు లీలమ్మ పదిమందిలో లేచి నిలబడి, మొగని కూడికలో నవ్వినందుకు క్షమాపణ అడగాలి. అడగకపోతే బల్ల దగ్గరికి రావద్దు.

సాయంత్రం మేమిద్దరం లీలమ్మ ఇంటికి పోయాం. బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది.

"నిలబడి ఏమని చెప్పాలె బావా? మల్లన్న పోయినందుకు నాకు దుఃఖం లేదని ఒప్పుకోవాలెనా? నేను చెప్ప. కాజీపేటకు పోత, మా చెల్లె దగ్గర పడి ఉంట."

"మస్తు ఏండ్ల సంది ఉన్న గల్లీ ఇడిసిపెట్టి?" అన్నాను.

"గల్లీనే నన్ను ఇడిసిపెట్టింది గద. నిన్నటి సంది నల్లా కాడ నా బిందె ముట్టుకుంటలేరు."

చేటలో బియ్యం ఎప్పుడో శుభ్రమైపోయాయి. ఇంకా చెరుగుతూనే ఉంది.

ఆగస్టు 11

ఆగమ్మ నాతో మాట్లాడటం లేదు. చింతచిగురు పప్పు మాత్రం బాగా చేసింది.

ఆగస్టు 13

ఇవాళ మాట్లాడింది. మాట్లాడకపోతేనే బాగుండేది.

"గొంతు సవరిచ్చుకున్నవా? నువ్వు అన్నది నేను ఇన్న. నా చెవులనే గద అన్నవు."

సరే. రెండు మాటలు అన్నాను. నిప్పుకోడి అంటే నాకేం తెలుసు? నిప్పు తెలుసు, కోడి తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో అది కూడా తెలుసు, మదీనా హోటల్ సందులో ఇనప చువ్వకు గుచ్చి తిప్పుతారు. అందుకని ఆగమ్మ చెవిలో, "నిప్పుల మీద కాల్చిన కోడి ఇంక మూలుగుతదా?" అన్నాను. మెల్లగానే అన్నాను.

"నువ్వు మెల్లగ అంటే దబీర్‌పురా స్టేషన్ల ఇనవడ్తది," అంది ఆగమ్మ.

అది నిజమే. ఉద్యోగమంతా ఇంజన్ల చప్పుడు మీద అరిచినవాణ్ణి. మెల్లగా మాట్లాడటం నేర్చుకునే అవసరం ఎప్పుడు వచ్చింది? ఆగమ్మ ముందే లీలమ్మ కూర్చుని ఉంది.

అయినా ఆ మాట రాసింది అయ్యగారు. నేను కాదు.

ఆగస్టు 14

అయ్యగారి ఇంటికి పోయాను. తప్పు ఆయనదేనని మర్యాదగా చెప్పి వద్దామని. చర్చి వెనక చిన్న గది. బల్ల మీద లావుపాటి పుస్తకాలు తెరిచి ఉన్నాయి. హెబ్రీ కుడి నుంచి ఎడమకు రాస్తారట, ఉర్దూలాగానే. చూస్తే చీమలు జామపండు దగ్గరికి పోతున్నట్టుంది.

నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు.

"దుర్గయ్యగారూ, నా మాట వల్లనే ఆమెకు ఇంత కష్టం వచ్చింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదండీ."

నేను సిద్ధం చేసుకొని వచ్చిన మాటలు మింగేశాను.

"అసలు గా నిప్పుకోడి ఏంది అయ్యగారూ?"

"ఒక పెద్ద పక్షండీ. మనిషి కంటే ఎత్తు. ఎగరలేదు, పరిగెత్తుతుంది. నిప్పులు కూడా మింగుతుందని వెనకటివాళ్లు అనుకునేవారట, అందుకే తెలుగులో ఆ పేరు. హెబ్రీలో ఉన్నది మాత్రం 'యానా కూతుళ్లు' అని."

"కూతుళ్లా? పెండ్లిళ్లు అయినయా?"

నవ్వాడు. వచ్చిన నాటి నుంచి ఈయన నవ్వడం ఇదే చూశాను. కొందరు పండితులు అది నిప్పుకోడి కాదు, గుడ్లగూబ అంటారట. గుడ్లగూబ అని మార్చమంటారా అని నన్ను అడిగాడు.

"గుడ్లగూబ అయితే ఇంక గడబిడ అయితది. మా గల్లీల గుడ్లగూబ అరిస్తే చావొస్తదని రాళ్లు తీస్కొని ఉరుకుతరు. అది చావును పిలిచేది, చచ్చినోని కోసం ఏడ్చేది గాదు."

"ప్రవక్త ఏడుస్తున్నాడు, పిలవడం లేదు," అని ఆయన తనలో తాను అనుకొని, ఆ మాట కొట్టేశాడు.

అప్పుడు చెప్పేశాను. కాల్చిన కోడి సంగతంతా. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా ఆ అన్నం సయించని మాట వల్ల కావచ్చు.

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను.

"అంటే అందరికీ అట్లానే వినపడి ఉంటుంది కదండీ," అన్నాడు చివరికి. "మీరు పైకి అన్నారు, అంతే."

ఇద్దరం కలిసి బాలకిషన్ దగ్గరికి పోయాం. లీలమ్మ బదులు నేను లేచి నిలబడతానన్నాను. బాలకిషన్ మీసం దువ్వుకుంటూ విన్నాడు.

"నవ్విచ్చినోడు ఎవడైతేంది దుర్గయ్యా? నవ్విన నోరు ఎవరిది? నిలబడేది గా నోరే."

ఈ మీసానికి అసలు నోరు ఉందో లేదో నాకు అనుమానం. కనపడదు.

ఆగస్టు 15

స్వాతంత్ర్య దినం. మనవరాలు నళిని బడిలో బూందీ లడ్డు ఇచ్చారు. నాకు సగం పెట్టింది. నేను రాసింది చూసి, 'ఋ' ఇట్లా కాదు తాతా అంది. నాకు ఆ అక్షరంతో పని లేదన్నాను.

ఆగస్టు 17

అయ్యగారు ఇప్పుడు తన కాగితాలు తీసుకొని మా అరుగు మీదికే వస్తున్నాడు. కూడికలో చదివే ముందు మా చెవులకు ఎట్లా వినపడుతుందో చూడాలట. వాన పడుతోంది. వీధిలో రిక్షావాడొకడు గోనెసంచి నెత్తిన కప్పుకొని పోతున్నాడు.

అయ్యగారు చదివాడు: చచ్చినవాళ్ల కోసం గోనె కట్టుకొని ఏడ్చారు అని.

"వానకు గద?" అంది ఆగమ్మ.

అయ్యగారు ఆ రిక్షావాణ్ణి చూశాడు. తన కాగితం చూశాడు. 'ఒంటి మీది మంచి బట్ట తీసేసి, గరుకు గోనె చుట్టుకొని' అని రాసుకున్నాడు.

తర్వాత యెషయా ప్రవక్త. ఏదో ఊరు పాడైపోయిందని ఆయన పేగులు వీణలాగా మోగుతున్నాయట.

"నాకు గూడ మోగుతయి అయ్యగారూ, జొన్నరొట్టె రెండు ఎక్కువ తింటే."

"నీ నోరు వడ!" అంది ఆగమ్మ. కానీ తన మూతి కూడా బిగపట్టుకుంది. "పేగు కదిలిందంటం గద మనం. గట్ల రాయుండ్రి. వీణ మన ఇండ్లల్ల ఎవరికున్నది?"

"పేగు కదిలింది," అని అయ్యగారు రెండుసార్లు పలికి చూశాడు. బాగా నచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "కదిలితే చాలదమ్మా. తీగ మీటినాక అది ఆగకుండా వణుకుతూ ఉంటుంది చూశారూ, ఆ వణుకు పోగూడదు. అది పోతే ప్రవక్త దుఃఖం సగం పోయినట్టే."

కాసేపు పెన్సిలు కొరికి, 'నా పేగు మీటిన తీగలాగా వణుకుతోంది' అని రాశాడు. పైకి చదివాడు. నేను ఏదో అందామని చూశాను. దొరకలేదు. మల్లన్న చేతి నుంచి జెండా గుంజుకొని ఇంటికి పంపిన రోజు గుర్తుకొచ్చింది, జ్వరంతో ఒళ్లంతా వణుకుతూ వాడు నిలబడలేకపోయాడు.

ఆ కోస్తా అబ్బాయికి పనితనం ఉంది.

ఆగస్టు 19

లీలమ్మ దగ్గరికి పోయి నా తప్పు ఒప్పుకున్నాను. నవ్వించింది నేనేనని.

"నువ్వు గాదు బావా," అంది.

"నా మాట ఇనే గద నవ్వినవు?"

"ఇన్న. కానీ నాకు నీ గొంతు ఇనవడలే. ఆయన ఉంటే గదే మాట అంటుండె. నా పక్కల కూసొని అన్నట్టే అయింది. గందుకే నవ్విన." చేతులు కడుక్కోవడానికి లేచింది. "గీ ముచ్చట పదిమందిల చెప్తే నన్ను పిచ్చిదంటరు."

వచ్చేటప్పుడు చూశాను. మూలన ట్రంకుపెట్టె దుమ్ము తుడిచి ఉంది.

ఆగస్టు 22

చర్చి అయ్యాక అయ్యగారు పరిగెత్తినట్టే వచ్చాడు. బాగేఆమ్ తోటలో జంతువుల బోన్లు ఉన్నాయి కదా, అక్కడ నిప్పుకోడి ఉందట. ఇన్నాళ్లూ ఆయన దాన్ని పుస్తకంలో తప్ప చూడలేదు. దాని మూలుగు స్వయంగా వింటే మాట దొరుకుతుందని ఆశ.

"నేనొస్త," అన్నాను.

"మేము గూడ," అంది ఆగమ్మ. మేము అంటే ఎవరో చెప్పలేదు.

ఆగస్టు 25, బుధవారం

బస్సులో నాంపల్లి దాకా పోయి అక్కడి నుంచి నడిచాం. అయ్యగారు, నేను, ఆగమ్మ, లీలమ్మ. లీలమ్మ రానంటే ఆగమ్మ ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి నిలబడింది. ఆగమ్మ అట్లా నిలబడితే నేను కూడా రైలు కింద పడతాను.

నిప్పుకోడిని చూశాను. దేవుడు ఒంటెను చేస్తూ చేస్తూ మధ్యలో మనసు మార్చుకున్నాడు. పైన మెడ మీద వెంట్రుకల్లేవు, కళ్లకు మాత్రం ముజ్రా ఆడే తవాయిఫుల రెప్పలు. కాపలా మియా గడ్డి బుట్ట పక్కన బీడీ తాగుతున్నాడు.

"మియా, యే కబ్ రోతా?" అని అడిగాను. ఎప్పుడు ఏడుస్తుందని.

"మేరే కో క్యా మాలూమ్ చాచా? మై దిన్ కు ఆతా, దిన్ కు జాతా. మేరే సామ్నే ఖాతా, బస్."

తను పగలు వచ్చి పగలే పోతాడట, తన ముందు అది తిండే తింటుందట. నిజమే. అయ్యగారు కమ్మీల దగ్గరికి వంగి, ఎంతో భక్తిగా, ప్రవక్తను చూస్తున్నట్టు చూస్తున్నాడు. ఆ పక్షి కూడా అంతే భక్తిగా ఆయన్ని చూసి, మెడ చాపి, కోటు గుండీ పీకి మింగేసింది.

"అరే!" అన్నాడు అయ్యగారు.

"నిప్పులే మింగేదానికి గుండీ ఒక లెక్కనా?" అన్నాను. లీలమ్మ మొహం తిప్పుకుంది. ఆమె భుజాలను నేను చూడలేదు. చూడకూడదని చూడలేదు.

చాలాసేపు కూర్చున్నాం. అది మూలగదు. అయ్యగారు దిగాలుపడి లేచాడు. మేం మూటలు సర్దుకుంటున్నాం. అప్పుడు వెనక నుంచి వచ్చింది. నోరు తెరవలేదు ఆ పక్షి. గొంతు తిత్తిలాగా ఉబ్బింది. ముందు రెండు చిన్నవి, తర్వాత ఒక పొడుగాటిది, ఆగిన ఇంజన్ కడుపులోంచి ఆవిరి వదిలినట్టు.

లీలమ్మ నిలబడిపోయింది.

"అక్కా," అంది ఆగమ్మతో. "ఇది మా ఆయన గురక."

అదే. అక్షరాలా అదే. గేటు కాడ మధ్యాహ్నం బండికీ బండికీ మధ్య వాడు పెట్టే గురక. రెండు చిన్నవి, ఒక పొడుగాటిది. నా ఉద్యోగమంతా విన్నాను, నాకెట్లా తట్టలేదు?

పక్షి మళ్లీ మూలిగింది. లీలమ్మ నవ్వింది. నవ్వుతూ గడ్డిలో కూలబడింది. ఆ నవ్వు ఎక్కడో మలుపు తిరిగింది, మేమెవరం పట్టుకోలేకపోయాం. ఆగమ్మ ఆమె తల తన ఒళ్లోకి లాక్కుంది. కాపలా మియా బీడీ పారేసి, మొహం అటు తిప్పుకొని నిలబడ్డాడు.

అయ్యగారు కాగితం తీయలేదు. గుండీ ఊడిన చోట చెయ్యి పెట్టుకొని అట్లాగే ఉన్నాడు.

ఆగస్టు 27

చంద్రమ్మకు తెలిసిపోయింది.

"మొగడు పోయి రెండు నెలలు నిండలే, బాగేఆమ్‌ల షికారా! కోతుల తమాషా సూడనీకె పోయింది! నువ్వు పెద్దమనిషివి దుర్గయ్యా, నీకన్న బుద్ధి ఉండొద్దా?"

"కోతుల కాడికి పోలే అక్కా. టైం దొరకలే."

అనకుండా ఉండాల్సింది. కానీ ఈసారి ఆమె తిట్టలేదు. అరుగు మీద కూర్చుంది. చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"వాణ్ణి సంకనేసుకొని తిప్పిన నేను. మా అమ్మ పోయినప్పుడు వాడు పాలు మర్వలే. నా పక్కలనే పండుకునేటోడు. ఇప్పుడు వాని పేరు మీద అందరు నవ్వుతున్నరు."

ఆగమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. చంద్రమ్మ సాసర్లో పోసుకొని తాగింది.

ఆగస్టు 29, ఆదివారం

అయ్యగారు మాట కుదిర్చాడు. మా అరుగు మీదే చదివాడు:

'నక్కలాగా ఊళ పెడతాను. ఏడుపో నవ్వో తెలియని ఎడారి పక్షిలాగా, నోరు తెరవకుండా, కడుపులోంచి మూలుగుతాను.'

"కోడి పోయింది," అన్నాను.

"పోయిందండీ. పెద్దలు ఒప్పుకుంటారో లేదో. ప్రవక్త అనని మాటలు కలిపానంటారు. కానీ ఆ పక్షిని ఎరిగినవాళ్లకు ఆ ఒక్క పేరులో ఇదంతా వినపడి ఉంటుంది కదా."

వచ్చే ఆదివారం బల్లకు ముందు ఇదే చదువుతానన్నాడు. లీలమ్మ ఒక్కసారి వచ్చి విని పోతే చాలు, ఆ తర్వాత ఆమె ఇష్టం అన్నాడు. బాలకిషన్‌తో మళ్లీ మాట్లాడాడట. మీసం కదల్లేదట. పేరు పిలిచి తీరతానన్నాడట.

లీలమ్మ వస్తానంది. "ఇంట. ఆయన పిలుస్తే లేసి బయటికి పోత. సోమవారం బండికి కాజీపేట."

అంటే గల్లీవాళ్ల ముందు నుంచి, నవ్విన ముండగా, నడిచి పోతుంది. మల్లన్న ఇంటికి తాళం పడుతుంది.

సెప్టెంబరు 1

ఏమీ లేదు. వాన.

సెప్టెంబరు 3

గొంతు బొంగురుపోయింది. ఆగమ్మ మిరియాల పాలు ఇచ్చింది. ఎట్లా పోయిందని అడిగింది. వాన అన్నాను.

సెప్టెంబరు 5, ఆదివారం

అంతా రాయాలి.

చర్చి నిండింది. ఆడవాళ్లు ఎడమ పక్క చాపల మీద, మగవాళ్లు కుడి పక్క. లీలమ్మ తలుపు దగ్గర, చివర. చుట్టూ జాగా వదిలి కూర్చున్నారు. చంద్రమ్మ ముందు వరసలో. బాలకిషన్ ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకొని, మీసం నిలువుగా పెట్టుకొని. నేను ఆయన వెనక.

ఇది కూడా చెప్పాలి. బాలకిషన్ పాట అయిపోగానే కళ్లు మూసుకుంటాడు. ప్రార్థన చేస్తున్నాననుకుంటాడు. వేలం వేసినా తెలియదు. చర్చిలో అందరికీ తెలుసు, సంఘ పెద్ద కాబట్టి ఎవరూ చూడనట్టే ఉంటారు.

అయ్యగారు చదవడం మొదలుపెట్టాడు. నక్క అయింది. ఎడారి పక్షి వచ్చింది. 'నోరు తెరవకుండా, కడుపులోంచి మూలుగుతాను' అని ఆగాడు. ఎవరైనా నవ్వుతారేమోనని భయంగా ఒకసారి తలెత్తి చూశాడు.

ఎవరూ నవ్వలేదు.

అప్పుడు స్తంభం వైపు నుంచి గురక వచ్చింది. రెండు చిన్నవి. ఒక పొడుగాటిది.

చంద్రమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. కోపంతో కాదు. ఎవరో పిలిస్తే తిరిగినట్టు. మగవాళ్ల వరసలన్నీ వెతికింది ఆమె చూపు. మళ్లీ వచ్చింది గురక, అచ్చం అట్లాగే.

"మా మల్లిగాడు," అంది చంద్రమ్మ, గట్టిగానే. "మా మల్లిగాని గురకనే ఇది."

అని నవ్వింది. చంద్రమ్మ నవ్వింది! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చింది. లేచింది. చాపలు దాటుకుంటూ, వాళ్ల వీళ్ల కాళ్లు తొక్కుకుంటూ చివరికి పోయింది. లీలమ్మ పక్కన ఆ వదిలిన జాగాలో కూలబడింది. అప్పటికి ఆమెది ఏడుపే. లీలమ్మది కూడా.

"గిట్లనే అయిందా నీకు?" అని చంద్రమ్మ అడగడం అందరికీ వినపడింది. "చెప్తె నేను ఇనకపోదునా?"

"నువ్వు ఎప్పుడు ఇన్నవు వదినె," అంది లీలమ్మ.

పక్కవాడు బాలకిషన్‌ను మోచేత్తో పొడిచాడు. ఆయన ఉలిక్కిపడి "ఆమేన్!" అన్నాడు. అప్పుడు చర్చి మొత్తం నవ్వింది, అయ్యగారితో సహా.

పేరు పిలవాల్సిన సమయం వచ్చింది. బాలకిషన్ లేచాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ప్రవక్త ఏడుస్తుంటే గురక పెట్టిన మనిషి, నవ్వినామెను క్షమాపణ ఎట్లా అడుగుతాడు? మీసం రెండుసార్లు కదిలింది. "రొట్టె పంచుండ్రి," అని కూర్చున్నాడు.

చంద్రమ్మ, లీలమ్మ చేతులు పట్టుకొని కలిసే బల్ల దగ్గరికి పోయారు.

సెప్టెంబరు 6

కాజీపేట బండి పోయింది. లీలమ్మ పోలేదు. మధ్యాహ్నం చంద్రమ్మ, ఆమె, మా అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ మల్లన్న గురక గురించి పోట్లాడుకున్నారు. చిన్నప్పుడు మూడు చిన్నవి ఉండేవని చంద్రమ్మ. ఎప్పుడూ రెండేనని లీలమ్మ. నన్ను సాక్ష్యం అడిగారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. ఆగమ్మ నన్ను ఒక చూపు చూసి, ఇంకొన్ని మిరియాలు దంచింది.

సాయంత్రం బాలకిషన్ వచ్చాడు. మొహం చిన్నబోయింది. నన్ను పక్కకు పిలిచాడు.

"దుర్గయ్యా, నువ్వు నా ఎనకనే కూసున్నవు. నిజం చెప్పు. నేను గంత గట్టిగ గురక పెట్టిన్నా?"

"పెట్టినవన్నా. స్తంభం కదిలింది."

"నా పెండ్లాం నేను ఇంట్ల ఎన్నడు పెట్టలేదంటది."

"ఇంట్ల పెట్టవేమో. చర్చిల పెడ్తవు."

తల వంచుకొని వెళ్లిపోయాడు. ఇకనుంచి ముందు వరసలో, స్తంభం లేని చోట కూర్చుంటాడట. పాపం.

అయ్యగారికి చెప్పలేదు, చెప్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు. ఆగమ్మకు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. బాలకిషన్ పసిపిల్లవాడిలాగా చప్పుడు లేకుండా పడుకున్నాడు. ఆ గురక నాది.